తల లోపల, చెయ్యి లోపల

ఆయమ్మ గొంతు గురించి ముందు చెప్పుకోవాలి. ఈ గొడవంతా దాంతోనే వచ్చింది.

ఆమె స్కూలు బస్సులో ఆయా. పొద్దున్నే పిల్లల్ని ఎక్కించుకోవడం, ఎవరి సీట్లో వాళ్లను కూర్చోబెట్టడం, కొట్టుకునేవాళ్లను విడదీయడం, కడుపులో తిప్పేవాళ్లకు కవరు అందించడం, గేటు దగ్గర దింపి తలలు లెక్క చూసుకోవడం, సాయంత్రం మళ్లీ అదంతా మొదట్నుంచీ చేయడం ఆమె ఉద్యోగం. మనిషి చూస్తే పిడికెడు. ఎనిమిదో తరగతి పిల్లల పక్కన నిలబడితే ఆమే చిన్నగా కనిపిస్తుంది. ఒంట్లో పెట్టాల్సిన బలమంతా భగవంతుడు ఆమె గొంతులో పెట్టాడు. స్కూలు వాళ్లిచ్చిన పసుపు జాకెట్టు చీర మీద తొడుక్కుని, మెడలో ఈల వేసుకుని, ముందు తలుపు దగ్గర నిలబడి "తల లోపల! చెయ్యి లోపల!" అని ఒక్క కేక వేసిందంటే, కిటికీల్లోంచి బయటికొచ్చిన తలలన్నీ తాబేలు తలల్లా టక్కున లోపలికి పోయేవి. ఒకసారి పక్కన పోతున్న కారులో పెద్దమనిషి కూడా మోచెయ్యి లోపలికి లాక్కున్నాడని డ్రైవరన్న ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

ఆ కేకకు కారణం ఉంది. ఆ బస్సు కిటికీలకు అడ్డకమ్ములు లేవు. ఒకప్పుడు ఉండేవి, తుప్పు పట్టి ఒక్కొక్కటే ఊడిపోయాయి. అద్దాలు మూయిస్తే ఉక్కకు తాళలేక పిల్లలు మళ్లీ తెరిచేస్తారు. కొత్త కమ్ములు వేయించమని ఆయమ్మ ప్రిన్సిపాల్ మేడమ్‌ని అడగని నెల లేదు. "నీ గొంతు ఉండగా కమ్ములెందుకు ఆయమ్మా!" అని మేడమ్ నవ్వేసేది. మొదటిసారి విన్నప్పుడు ఆయమ్మ అది పొగడ్త అనుకుని మురిసిపోయింది కూడా. తర్వాత్తర్వాత అర్థమైంది, ఇనుము చేయాల్సిన పని తన గొంతు మీద తోసేశారని. సరే, తోశారు, తను మోస్తోంది. బస్సు దారిలో గోదాముల వీధి ఒకటుంది. రెండు వైపులా లారీలు ఆగి ఉంటాయి, మధ్యలో వచ్చే బళ్లూ పోయే బళ్లూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కదులుతాయి. అక్కడ బస్సు కిటికీకీ ఎదుటి బండికీ మధ్య జానెడు సందు. ఆ జానెడులో ఇన్నేళ్లుగా ఏ బిడ్డకీ గోటి గీత పడలేదంటే అది ఆ కేక చలవే.

ఇంట్లో మాత్రం ఆ గొంతుకు అంత విలువ లేదు. ఆయన పిండిమిల్లులో పనిచేస్తాడు. మిల్లు మోతకు చెవులు సగం పోయాయి, మిగిలిన సగం భార్య ముందు తనే మూసుకుంటాడు. ఆమె మాటలు చెవినేసుకునేది కూతురు ఒక్కతే. అలాగని ఆయమ్మ అనుకుంటూ వచ్చింది.

కూతురు బ్యానర్లు ప్రింటు చేసే షాపులో డిజైనరు. పగలంతా ఎవరెవరి మొహాలకో రంగు తేలుస్తూ కూర్చుని, సాయంత్రం ఇంటికి రాగానే లాప్‌టాప్ తెరిచి ఒక ఆట ఆడేది. బ్రౌజర్‌లోనే నడిచే ఆట. తెర మధ్యలో ఏడుగురు బూడిదరంగు మనుషులు ఉలుకూ పలుకూ లేకుండా వరసగా నిలబడి ఉంటారు. వాళ్ల కింద గుర్తులుంటాయి: టోపీ, కళ్లజోడు, మఫ్లరు, కొమ్ములు, ఇలాంటివి. ఒక గుర్తును లాక్కొచ్చి ఒక మనిషి మీద వదిలితే అతనికి ఆ వేషం వచ్చేస్తుంది, తన శబ్దం తను మొదలెడతాడు. ఒకడు దరువు, ఒకడు ఈల, ఒకతె కూనిరాగం. అవన్నీ ఒకే తాళంలో కూర్చి ఉంటాయి కాబట్టి ఎవరు ఎలా పెట్టినా ఎంతో కొంత పాట అవుతుంది. వేషం లాగేస్తే ఆ మనిషి మళ్లీ బూడిదరంగుకొచ్చి నోరు మూసుకుంటాడు.

ఆ చివరి సంగతి ఆయమ్మకు తెగ నచ్చింది. వంటింట్లోంచి కత్తిపీట తెచ్చి కూతురి పక్కన పెట్టుకుని, ఉల్లిపాయలు సగం తరిగి, చెయ్యి తుడుచుకుని తనూ ఆడేది. అందరికీ వేషాలు వేసి మోత మోగించి, ఆ తర్వాత ఒక్కొక్కరి వేషమే ఊడబీకేది. "ఏయ్ టోపీ, నీ వంతు అయిపోయింది, కూర్చో. ఏమ్మా మఫ్లరూ, నీకు వేరే చెప్పాలా?" అని బొమ్మల్ని కూడా తిట్టేది. చివరివాడు నోరు మూయగానే గదంతా నిశ్శబ్దమైపోయేది. ఆయమ్మ తృప్తిగా నిట్టూర్చేది.

"చూశావా, ఎంత బుద్ధిమంతులో! నా బస్సులో కోతులు కూడా ఇలా ఉంటే నాకీ గొంతునొప్పి ఎందుకొస్తుంది?"

"ఇది అసలు ఆట కాదమ్మా," అని కూతురు చెప్పింది ఒకసారి. "అసలుది ఎవరో కంపెనీ వాళ్లు చేశారు. దాని మీద ఇష్టం కొద్దీ జనం తమ బొమ్మలు, తమ శబ్దాలు పెట్టుకుని ఇలాంటివి చేస్తుంటారు. ఫ్యాన్ మేడ్ అంటారు. నేనూ ఒకటి చేస్తున్నా."

"చెయ్యవే, చేతిలో విద్య ఉంది కదా. ఏం శబ్దాలు పెడుతున్నావు?"

"అవీ ఇవీ."

కూతురి స్కూటీ రిపేరుకిచ్చిన వారం అది. రోజూ పొద్దున తల్లితో పాటు స్కూలు బస్సెక్కి, షాపు దగ్గర దిగిపోయేది. దారి పొడుగునా ఫోను చేత్తో పట్టుకునే కూర్చునేది. ఈ కాలం పిల్లలు ఫోను వదిలితే కదా వింత అనుకుని ఆయమ్మ పట్టించుకోలేదు.

కొన్నాళ్లకు బస్సులో ఏదో తేడా వచ్చింది. ఆయమ్మ "తల లోపల!" అనగానే లోపలికి పోవాల్సిన తలలు కాస్త ఆలస్యంగా పోతున్నాయి. వెనక సీట్లో కిసకిసలు. ఆ తర్వాత ఎవరో సీటు మీద దరువేశారు. ఇంకో రెండు రోజులకు బస్సు బస్సంతా ఏకగొంతుతో అందుకుంది: "తల-లోపల, తల-లోపల, తల-తల-తల-లోపల!" కాళ్లతో తాళం, బాక్సు మూతలతో చప్పట్లు. ఆయమ్మ బిత్తరపోయింది. ఆమెను వెక్కిరించిన పిల్లలు ఇంతకుముందు లేకపోలేదు. అయినా ఆ వెక్కిరింత తల లోపలికి పెట్టుకున్నాక జరిగేది. ఇప్పుడలా కాదు. "లోపల" అన్న ప్రతిసారీ తలలు బయటికొస్తున్నాయి! తాళం తప్పకుండా, నాలుకలు చాపి, నవ్వుతూ మరీ వస్తున్నాయి.

"ఎవర్రా నేర్పింది మీకిది?" అని ఆయమ్మ గుడ్లురిమింది.

రెండో తరగతి చదివే ఒక పిల్ల ఉంది. లావుపాటి అద్దాల కళ్లజోడు, అందుకని బస్సంతా దాన్ని సోడాబుడ్డి అంటుంది. దానికి అబద్ధం చేతకాదు. "గేమ్‌లో ఉంది ఆయమ్మా. నువ్వున్నావు కదా అందులో!" అంది ముద్దుముద్దుగా.

పెద్ద తరగతి పిల్ల ఒకతె సంచిలో దాచిన ఫోను బయటికొచ్చింది. ఫోను తెచ్చినందుకు తిట్టాలని కూడా ఆయమ్మకు తోచలేదు. తెర మీద ఏడుగురు బూడిదరంగు మనుషులు. కింద గుర్తులు మారాయి: టైరు, హారను, తలుపు, వైపరు, టిఫిను డబ్బా, స్కూలు గంట, చివర ఒక పసుపు జాకెట్టు. ఈ ఆట ఎలా ఆడాలో ఆయమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. పసుపు జాకెట్టును వేలితో లాగి ఒక మనిషి మీద వదిలింది. బూడిదరంగు మనిషి పొట్టిదైపోయింది. జుట్టుకు ముడి వచ్చింది, మెడలో ఈల వచ్చింది, నోరు చేటంత తెరుచుకుంది. అందులోంచి ఆయమ్మ గొంతు వచ్చింది. తోకా తలా కత్తిరించి, మధ్య ముక్క అతికించి, మళ్లీ మళ్లీ: తల-లోపల, తల-లోపల.

"హారనూ తలుపూ కూడా పెట్టు ఆయమ్మా, బోనస్ వస్తుంది," అన్నారు పిల్లలు.

పెట్టింది. తెరంతా ఒక బస్సైపోయింది. పసుపు జాకెట్టు బొమ్మ "లోపల" అన్నప్పుడల్లా కిటికీలన్నిట్లోంచీ తలలు బయటికి దూకి నాలుక చాపి లోపలికి పోతున్నాయి, మళ్లీ దూకుతున్నాయి. బొమ్మ జాకెట్టు మీద ఊడిపోయిన బొత్తం బదులు ఒక పిన్నీసు పెట్టి ఉంది. ఆ పిన్నీసు సంగతి సొంత ఇంట్లోవాళ్లకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆయమ్మకు ఆ పూట తెలిసొచ్చింది.

సాయంత్రం ఇంటికి వెళ్లగానే చెప్పులు కూడా విప్పకుండా కూతురి ముందు నిలబడింది.

"అందులో ఉన్నది నేనే కదే?"

కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. "గుర్తుపట్టేశావా! నీకు సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నా. ఎంతమంది ఆడుతున్నారో తెలుసా? ఎక్కడెక్కడివాళ్లో. అందరికీ నువ్వే ఇష్టం. పసుపు జాకెట్టు ఆంటీ సూపర్ అని కామెంట్లు పెడుతున్నారు. నిజంగా అమ్మా, నీ అరుపులో ఒక తాళం ఉంది. నాకెంతిష్టమో."

"ఇష్టమైతే అడగవా?"

"అడిగితే వద్దంటావు కదా."

"అనేదాన్నే!"

"మరి! అందుకే అడగలేదు."

ఆయమ్మ లాప్‌టాప్ ముందు చతికిలబడింది. కూతురు చేసిన ఆటను తన చేత్తో తనే ఆడింది. జాకెట్టు వేసింది, తీసింది. హారను తీసేసి గంట పెట్టింది. వైపరు పెట్టింది, టైరు పెట్టింది. అన్నీ ఊడబీకి మళ్లీ మొదట్నుంచి పెట్టింది. బోనస్ వచ్చినప్పుడల్లా తెర మీద తలల మీద వేలుపెట్టి లోపలికి నెట్టాలని చూసింది. ఏం చేసినా ఆ తలలు కుదురుగా లోపల ఉండవు.

"వీటిని లోపల ఎలా కూర్చోబెట్టాలి?"

"కూర్చోబెట్టడానికి లేదమ్మా. అది బోనస్ సీను."

"మరి అవి కూర్చోకపోతే నేనెందుకు అరుస్తున్నట్టు?"

"ఊరికే. బీటు కోసం."

"ఊరికేనా! ఇన్నేళ్లుగా నేను ఊరికే అరుస్తున్నానంటే? చిన్నప్పుడు నువ్వూ ఈ బస్సులోనే పోయావు, నీ తల నీ మెడ మీద ఉందంటే ఈ అరుపు వల్లేగా! ఎద్దు పుండు కాకికి ముద్దా అని, పిల్లలు ఎక్కడ చస్తారోనని గుండె గుప్పిట్లో పెట్టుకుని నేనరిస్తే దానికి నువ్వు డాన్సు కట్టావా? వాళ్లు బస్సులో ఇదే చేస్తున్నారే. నేను లోపల అంటే వాళ్లు తల బయట పెడుతున్నారు. ఇప్పుడే తీసెయ్."

"తీసేస్తాలే. ఈ ఆదివారం దాకా ఆగు. ఇప్పుడిప్పుడే అందరూ చూస్తున్నారు. వాళ్లు రెండు రోజులు ఆడి మానేస్తారమ్మా, పిల్లలు కదా."

గొడవ మధ్యలో లాప్‌టాప్ మోగుతూనే ఉంది. మంచం మీద పడుకున్న ఆయన పాదం ఆడిస్తున్నాడు. ఎన్నేళ్ల తర్వాతో భార్య గొంతు ఆయన చెవికి ఆనింది. "ఎవరిదే ఆ పాట? హుషారుగా ఉంది," అన్నాడు. ఆయమ్మ లాప్‌టాప్ మూత ధడాలున మూసి వంటింట్లోకి పోయింది. ఆ పూట ఇంట్లో అందరికీ ఉప్పు లేని కూరే గతి అయింది.

ఆదివారం దాకా ఆగడానికి పిల్లలు ఒప్పుకుంటారేమో గానీ గోదాముల వీధి ఒప్పుకోలేదు.

మర్నాడు పొద్దున బస్సు ఆ వీధి మొదట్లోకి రాగానే ఆయమ్మ ఎప్పట్లాగే కేక వేసింది. వేయక ఏం చేస్తుంది? ఆ కేక కోసమే కాచుకున్నట్టు బస్సంతా అందుకుంది. అన్ని కిటికీల్లోంచి తలలు బయటికి. ఆయమ్మ ఒక్కొక్కళ్ల కాలరు పట్టుకుని లోపలికి లాగుతూ వెనక్కి పరిగెత్తింది. ఒక తల లాగితే రెండు తలలు బయటికొస్తున్నాయి. అవతల ఇనపచువ్వల లోడుతో ఎదురొస్తున్న లారీ. ఒక చువ్వ మిగతావాటికంటే బెత్తెడు పక్కకు పొడుచుకొచ్చి ఉంది. సోడాబుడ్డి కళ్లజోడు ఎగిరి రోడ్డు మీద పడింది. చెవి దగ్గర్నుంచి కనుబొమ్మ దాకా ఒక గీత, ఆ గీత వెంట రక్తం. ఇంకొక్క వేలెడు ఇటుగా ఉంటే ఏమయ్యేదో ఆయమ్మ ఆలోచించలేదు. పిల్లను ఒళ్లో వేసుకుని కొంగుతో అదిమిపెట్టింది. బస్సులో అప్పుడు ఒక్కరూ పాడలేదు.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గదిలో పిలుపు. పిల్ల తండ్రి కూడా ఉన్నాడు. "ఆయా అని ఒక మనిషిని పెట్టాక కూడా ఇలా జరిగితే ఎలా?" అని అతను అడుగుతున్నాడు. అడగాల్సిన మాటే. ఆయమ్మకు అతని మీద కోపం రాలేదు.

"నేను అరిచాను సార్. వీధి రాకముందే అరిచాను," అంది.

"అదే సమస్య," అంది మేడమ్. చేతిలో పెన్నుతో బల్ల మీద టకటకమని కొడుతోంది, ఆ తాళం ఏ తాళమో ఆయమ్మ చెవి పట్టేసింది. "నువ్వు అరవబట్టే పిల్లలు తలలు బయటపెడుతున్నారట. డ్రైవరు కూడా అదే చెప్పాడు. మా ఇంట్లో పిల్లలు కూడా ఆ గేమే ఆడుతున్నారు, నాకు తెలుసులే. కాబట్టి ఇకమీదట నువ్వు బస్సులో అరవొద్దు. వినపడిందా? నెమ్మదిగా, మర్యాదగా చెప్పు."

"ఇంజను మోతలో నెమ్మదిగా చెబితే వెనక సీటుకు వినపడదు మేడమ్. కిటికీలకు కమ్ములు వేయించండి. నేను నోరే తెరవను."

"వేయిద్దాం. వచ్చే ఏడాది బడ్జెట్‌లో చూద్దాం. ఇంకొక్కసారి నీ అరుపు వల్ల ఇలాంటిది జరిగిందంటే మాత్రం నిన్ను ఉంచలేను ఆయమ్మా."

నా అరుపు వల్ల! గదిలోంచి బయటికొచ్చాక కూడా ఆ మాట ఆమె చెవిలో గింగురుమంటూనే ఉంది. ఇన్నాళ్లూ కమ్ములకు బదులు వాడుకున్నది ఆ అరుపునే. ఇవాళ నేరం దానిదే అయింది. కమ్ములు వేయించనివాళ్లు కుర్చీలో కూర్చున్నారు, పాట కట్టినది షాపులో కూర్చుంది, తప్పు మాత్రం నిలబడి ఉద్యోగం చేసేదానిది. ఇదెక్కడి న్యాయమో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

కూతురికి సంగతి తెలిసింది. తల్లి అడగకముందే లాప్‌టాప్ తెరిచి ఆట తీసేసింది. తీసేశానని చూపించింది. అయినా తలెత్తలేదు.

"ఏమయింది?"

"వేరేవాళ్లు ఎత్తుకుని తమ పేజీల్లో పెట్టుకున్నారమ్మా. ఒకడు నీ గొంతు స్పీడు పెంచి ఇంకోటి చేశాడు. వాటిని నేను తీయలేను. నన్ను కూడా ఎవరూ అడగలేదు."

"నువ్వెవర్ని అడిగావని నిన్నడగాలి? పెదవి దాటితే పృథ్వి దాటుతుందని ఊరికే అన్నారా? నా పెదవి దాటినా అది బస్సు దాటేది కాదు. దాటించినది నువ్వు."

కూతురు ఏడ్చింది. ఆయమ్మ ఓదార్చలేదు. ఏడుపు చూసి మెత్తబడిపోయే రోజు కాదది. "రేపు నాతో బస్సెక్కు. చేసినది నేనే, చేయకూడదు, మానండని నీ నోటితో నువ్వే చెప్పు. నాకు నోరు లేదు కదా ఇప్పుడు," అంది.

మర్నాడు కూతురు బస్సెక్కి మధ్యలో నిలబడింది. నిన్న కళ్లజోడు ఎగిరిపోయిన కిటికీ దగ్గరే సోడాబుడ్డి కూర్చుని ఉంది, కనుబొమ్మ మీద ప్లాస్టరుతో. నిన్నటి రక్తం పిల్లలకు నిన్నటితో సరి. "ఆ గేమ్ చేసింది నేనే," అని కూతురు మొదలెట్టింది. ఆ తర్వాత మాటలు ఎవరికీ వినపడలేదు. బస్సు గొల్లున లేచింది. ఈలలు, చప్పట్లు. గేమ్ అక్క! గేమ్ అక్క వచ్చింది! చేతి మీద సంతకం పెట్టమని ఒకడు, తనకో బొమ్మ పెట్టమని ఒకతె. "తప్పురా, నేను తీసేశాను, అలా చేయకండి" అని కూతురు చెబుతోంది. "మా దగ్గర ఉంది అక్కా, మేం వేరేచోట ఆడుతున్నాం" అని వాళ్లు ధైర్యం చెబుతున్నారు. ఆయమ్మ తలుపు దగ్గర నిలబడి పెదాలు బిగపట్టి చూస్తోంది.

గోదాముల వీధి వచ్చింది. ఆయమ్మ ఏమీ అనలేదు. అనాల్సిన చోట ఆమె అనకపోయేసరికి పిల్లలకు వెలితిగా అనిపించింది. దాన్ని వాళ్లే పూరించారు. గేమ్ అక్క ముందు తమ ప్రతాపం చూపించాలి కదా! "తల-లోపల, తల-లోపల!" అన్ని కిటికీల్లోంచి తలలు. ఎదురుగా లారీల వరస. "తల లోపల! తల లోపల పెట్టండ్రా!" అని కూతురు గొంతు చించుకుంది. అచ్చం తల్లి గొంతే. బస్సు ఇంకా హుషారెక్కింది. వద్దన్నకొద్దీ తలలు మరింత బయటికి వెళ్తున్నాయి. కూతురు తల్లి వైపు తిరిగింది. ఆ కళ్లలో ఉన్న భయం ఆయమ్మకు తెలిసిందే, రోజూ తను మోసేదే.

"అన్నా, బండి ఆపు," అంది ఆయమ్మ.

"ఇక్కడా చెల్లెమ్మా? వెనక బళ్లున్నాయి."

"ఇక్కడే. తలుపు తియ్యి."

బస్సు ఆగింది. ఆయమ్మ దిగి, ముందు నుంచి చుట్టూ తిరిగి, లారీలు పోయే వైపుకు వెళ్లింది. పిల్లల తలలకీ లారీలకీ మధ్య ఉన్న ఆ జానెడు సందులో, బస్సుకు వీపు ఆనించి, రెండు చేతులూ బార్లా చాచి నిలబడింది. ఒక లారీ హారను కొడుతూ వచ్చి ఆమె పక్కనుంచి పోయింది. ఆ గాలికి పసుపు జాకెట్టు ఎగిరి మొహం మీద పడింది. చేతులు దించలేదు. ఇంకో లారీ అద్దం ఆమె వేళ్లకు రెండంగుళాల అవతల నుంచి దూసుకుపోయింది. ఆ లారీ డ్రైవరు బండబూతు తిట్టాడు.

పిల్లలు ముందు నవ్వారు. "ఆయమ్మ బోనస్!" అని ఎవరో అరిచారు కూడా. ఆ నవ్వు రెండో లారీ దాకా సాగింది. ఆ తర్వాత సాగలేదు.

"చెల్లెమ్మా! మేడమ్ ఫోను! బస్సు ఇంకా రాలేదేమంటోంది!" అని డ్రైవరన్న కిటికీలోంచి కేకేశాడు.

"అరవొద్దన్నారు కదా, అరవట్లేదని చెప్పు."

"అమ్మా! లోపలికి రా!" కూతురు సోడాబుడ్డి సీటు మీదెక్కి కిటికీ అంచు పట్టుకుని అరుస్తోంది. "అమ్మా, లోపలికి రా! లారీ వస్తోంది! లోపలికి రామ్మా!"

ఆయమ్మ కదల్లేదు. వెనకాల ఒక్కో తలా లోపలికి పోతున్న చప్పుడు ఆమెకు వీపు మీద తెలుస్తోంది. సీటు కిర్రుమనడం, సంచి కింద పడడం. అద్దాలు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. మూడో లారీ వచ్చింది. నాలుగోది వచ్చింది. కూతురు అరుస్తూనే ఉంది, అన్నిసార్లూ అదే మాట, ఊపిరి తీసుకోవడానికి ఆగి మళ్లీ అదే మాట, గొంతు జీరపోయి అదే మాట. బస్సులో ఎవరూ తాళం వేయలేదు.

ఆఖరి తల సోడాబుడ్డిది. అది కూతురి పక్కనుంచి మెల్లగా తల లోపలికి తీసుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, బుద్ధిగా కూర్చుంది. అప్పుడు ఆయమ్మ చేతులు దించి, చుట్టూ తిరిగి వచ్చి, బస్సెక్కింది.

కూతురు మెట్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చి తల్లి జాకెట్టు రెండు చేతులతో పట్టుకుంది.

"ఎన్నిసార్లు పిలిచానమ్మా! వినపడలేదా నీకు?"

"వినపడింది," అంది ఆయమ్మ. "బాగుంది. పాటలా ఉంది."

ఆ పైన డ్రైవరన్న వైపు తిరిగి, పోనిమ్మని చెప్పింది.